రెండో కూత

1995 మే నెల. భిలాయి పారిశ్రామిక వాడలో ఇనుప కడ్డీలు సాగదీసే ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లు. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. అక్కడ నేను బిగించిన గ్యాసు మీటరు ఒకటి ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నా పని మీద నాకే నమ్మకం పోయిన రోజు ఏదని అడిగితే ఆ మీటరు రోజే చెబుతాను.

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. అంటే వేడినీ ఒత్తిడినీ గ్యాసునీ కొలిచే పరికరాలు బిగించి, అవి చెప్పేది కంప్యూటరుకు అర్థమయ్యేలా చెయ్యడం నా పని. నాన్న స్టీలు ప్లాంటులో ఉద్యోగి, మా ఇల్లు సెక్టర్ 6లో క్వార్టరు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక రిసాలిలో సన్యాసిరావు మాస్టారి దగ్గర చేరాను. ఆయన రైల్వేలో టెలిప్రింటర్లు బాగుచేసి రిటైరైన మనిషి. పాఠం చెప్పినట్టు పని చెప్పేవారు కాబట్టి ఆయన్ని అందరం మాస్టారనేవాళ్లం. ఆడపిల్లకి ఈ మసిలో ఏం పనమ్మా అని ఎవరైనా అంటే, మీ అబ్బాయిని పంపండి, నేను మీ ఇంట్లో కూర్చుంటాను అనేదాన్ని. నా నోరు అలాంటిది.

ఆ మిల్లులో బొగ్గును సగం కాల్చి గ్యాసు తీసి, దాంతో కొలిమి మండించేవారు. ఆ గ్యాసులో పావువంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చిన మనిషికి మొదట తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత ఏమీ ఉండదు. గొట్టాల్లో తారు పేరుకునేది. రోజుకు రెండుసార్లు ఇద్దరు మనుషులు నిచ్చెన మీద వాల్వు గొయ్యిలోకి దిగి ఆ తారు వదిలేవారు. ఇద్దరి నడుముకీ తాడు ఉండేది. పైన ఒకడు ఆ తాళ్లు పట్టుకుని కూర్చునేవాడు. గొయ్యి లోపలి గోడకి మీటరు తల ఉండేది. అది నిమిషానికి ఒక రీడింగు చొప్పున కేబుల్ గుండా కేబిన్‌లోని కంప్యూటరుకి పంపేది. లక్ష పాళ్ల గాలిలో ఆ గ్యాసు యాభై పాళ్లు దాటితే సైరన్ మోగేది.

దీన్ని బిగించింది ఆ ఏడాది జనవరిలో. సీరియల్ కేబుల్ మీద అంకెలు బిట్లుగా, అంటే సున్నాలూ ఒకట్లుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కో విడతకి ఎన్ని బిట్లు తీసుకోవాలో కంప్యూటరుకి మనమే చెప్పాలి. మీటరుతో వచ్చిన పుస్తకంలో "ఒక్కో రీడింగు ఒక బైట్‌గా పంపబడును" అని మాత్రం ఉంది.

మాస్టారు చూసి, "సెవెన్, ఈవెన్, వన్ పెట్టమ్మాయ్" అన్నారు.

ఏడు బిట్లు సరుకు, సరిసంఖ్య చూసే పారిటీ బిట్ ఒకటి, చివర్న లెక్కలోకి రాని ఆగే గుర్తు ఒకటి అని దానర్థం. పారిటీ అంటే కాపలా బిట్. ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండేలా పంపేవాడు దాన్ని కలుపుతాడు. అందుకునేవాడు లెక్క చూసుకుని, బేసి వస్తే దారిలో ఏదో చెడిందని గోల చేస్తాడు.

"బైట్ అంటే ఎనిమిది కదా మాస్టారూ?"

"ఏడూ ఒకటీ ఎంత?"

"ఎనిమిది."

"మరింకేటి? ముప్పై ఏళ్ల నుంచి ఇదే పెడతన్నాను. నువ్వు పుట్టక ముందు నుంచీ."

నేను నోరు మూసుకున్నాను. ఎక్కడ మాట్లాడాలో అక్కడ తప్ప అన్నిచోట్లా మాట్లాడే రకాన్ని.

లైను కలపగానే కంప్యూటరు పారిటీ ఎర్రర్ అని కూయడం మొదలుపెట్టింది. రెండు రీడింగులకు ఒకటి చొప్పున. మాస్టారు కిటికీలోంచి క్రేన్లవైపు చూపించి, "నాయిస్" అన్నారు. భిలాయిలో మాకు అది సర్వరోగ నివారిణి. పక్కన పెద్ద మోటార్లు, క్రేన్లు, వెల్డింగులు. ఏ తీగలో ఏ తేడా వచ్చినా నాయిస్ అనేస్తే ఎదుటివాడు తలూపేవాడు. కేబుల్ మార్చాం. మళ్లీ అదే కూత. షిఫ్ట్ ఇన్‌చార్జి మిశ్రాజీ చెవులు మూసుకుని, "మేడమ్, యే టీం టీం బంద్ కరో" అని, ఆ కూత ఆపమని విసుక్కున్నాడు. నాకూ విసుగే. ప్రోగ్రాములో ఒక్క లైను మార్చాను: పారిటీ ఎర్రర్ వస్తే పట్టించుకోకు, వచ్చిన అంకె తీసుకుని ముందుకు పో.

ఆ తర్వాత పరీక్ష చేశాం. వంద పాళ్ల గ్యాసున్న చిన్న సీసా మీటరు దగ్గర తెరిస్తే తెర మీద సరిగ్గా వంద పడింది, సైరన్ మోగింది. టీ తాగి, సంతకాలు పెట్టించుకుని వచ్చేశాం.

మేలో ప్రింటరు సరిగా కొట్టడం లేదని కబురొస్తే వెళ్లాను. పొద్దున్న పదిన్నర. అప్పటికే రేకుల షెడ్డు కిందకి పోలేనంత వేడి. గొయ్యి పక్కన పైడిరాజు మావయ్య నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. మావయ్య అంటే చుట్టరికం కాదు. నాన్నదీ ఆయనదీ విజయనగరం దగ్గర పక్కపక్క ఊళ్లు. కాంట్రాక్టు పనిమీద ఇక్కడికొచ్చి ఉండిపోయిన మనిషి.

"ఏటి పాపా, ఇంత ఎండలో వొచ్చినావు?"

"ప్రింటరు చూడ్డానికి. ఒంట్లో బాగుందా మావయ్యా? కళ్లు ఎర్రగా ఉన్నాయి."

"ఈ మద్దిన ఒకటే తలనొప్పి. ఎండదెబ్బని మీ అత్త మజ్జిగ ఇత్తంది. అయినా తగ్గట్లేదు." నవ్వి, నిచ్చెన దిగాడు. వెనకే మరొకతను దిగాడు. పైన తాళ్లు పట్టుకుని దుకాలూ కూర్చున్నాడు. అతనిది నందిని గనుల పక్క పల్లె. నెమ్మది మనిషి.

నేను కేబిన్‌లోకి వెళ్లి ప్రింటరు రిబ్బను మార్చి, సరిగా పడుతోందో లేదో చూడటానికి పాత రీడింగులు కొన్ని కొట్టించాను. ఈలోపు సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ పైకొచ్చి గోడ నీడలో కూర్చున్నారు. నాలుగైదు నిమిషాలకి సైరన్ ఆగింది. మావయ్య మూతి తుడుచుకుని లేచాడు. రెండోవాడు చెప్పు తొడుక్కుంటూ వెనకబడ్డాడు. మావయ్య ఒక్కడే దిగిపోయాడు.

నా చేతిలో కాగితం ఉంది. అక్షరాలు బాగానే పడ్డాయా అని చూస్తున్నదాన్ని, అంకెలు చదవడం మొదలుపెట్టాను. అంతకు ముందు రోజువి. 47, 68, 91, 113, 126, 5, 14, 19, 11, 2, 122, 98, 61, 40.

నూట ఇరవై ఆరు నుంచి ఒక్క నిమిషంలో ఐదుకి? గాలి లేని గొయ్యిలో గ్యాసు అలా మాయమవదు. మాయమైనా, రెండు నుంచి నూట ఇరవై రెండుకి మళ్లీ ఒక్క ఎగురులో రాదు. మరో కాగితం చూశాను. అక్కడా అంతే. వేలితో వరస వెంబడి దిగుతూ అన్నిటికంటే పెద్ద అంకె కోసం వెతికాను. 125. 127. 124. 127. ఎక్కడా 128 లేదు. కొట్టించిన కాగితాలన్నిటిలో ఒక్కసారి కూడా లేదు.

ఏడు బిట్లతో రాయగల అతి పెద్ద అంకె నూట ఇరవై ఏడు. ఎనిమిదో బిట్ విలువ నూట ఇరవై ఎనిమిది. మీటరు ఎనిమిది బిట్ల అంకె పంపుతోంది. మేం ఏడు తీసుకుని, ఎనిమిదోదాన్ని కాపలావాడనుకుని గుమ్మంలోంచే పంపేస్తున్నాం. నూట ముప్పై మూడు పాళ్ల గ్యాసుంటే తెర మీద ఐదు. గ్యాసు పెరిగి పెరిగి నూట ఇరవై ఎనిమిది చేరగానే మా సైరన్ ఆగిపోతోంది. అందరూ గ్యాసు పోయిందనుకునే క్షణం అది మరీ ఎక్కువైన క్షణం.

తెరవైపు చూశాను. 14.

"మిశ్రాజీ, ఆద్మీ కో ఊపర్ బులాయియే. అభీ." మనిషిని ఇప్పుడే పైకి పిలవమన్నాను.

ఆయన టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. "క్యోం? చౌదా హై. సైరన్ తో బంద్ హో గయా." పద్నాలుగే ఉంది, సైరన్ ఆగింది కదా అని ఆయన ధీమా.

"చౌదా నహీ, ఏక్ సౌ బయాలీస్ హై!" పద్నాలుగు కాదు, నూట నలభై రెండు.

ఆయన తెరనీ నన్నూ చూశాడు. ఎవరిని నమ్మాలి? పద్నాలుగు అని తెర చెబుతోంది, ఆ తెర పెట్టిందీ నేనే. నాకైనా నా మాట నమ్మబుద్ధి కాదు. వివరించే ఓపికా టైమూ లేవు. ప్యానెల్ మీద సైరన్ టెస్ట్ బటన్ ఉంటే బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాను. సైరన్ షెడ్డంతా మోగింది.

కిటికీలోంచి చూస్తున్నాను. ఎవరూ కదల్లేదు. చెప్పు తొడుక్కున్నవాడు తాపీగా గొయ్యివైపు నడుస్తున్నాడు. దుకాలూ నావైపు తిరిగి ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

బటన్ వదిలేసి పరుగెత్తాను. "దుకాలూ భయ్యా, లాగు! తాడు లాగు!"

"దూస్రా వాలా హై దీదీ" అన్నాడు అతను, ఇది రెండోదేలే అని నాకు ధైర్యం చెబుతున్నట్టు.

అప్పుడు అర్థమైంది. నాలుగు నెలలుగా ఆ సైరన్ రెండేసి సార్లు మోగుతోంది. గ్యాసు పెరిగేటప్పుడు ఒకసారి, మధ్యలో నిశ్శబ్దం, తగ్గేటప్పుడు మళ్లీ ఒకసారి. రెండోసారి మోగిన కాసేపటికి నిజంగానే అంతా సర్దుకుంటోంది. మేం చదువుకున్నవాళ్లం గమనించలేదు గానీ వాళ్లు గమనించారు. దానికి పేరు కూడా పెట్టుకున్నారు. మొదటి కూతకి ఎక్కాలి, రెండో కూత ఉత్తది. మా తప్పు మీద వాళ్లు ఒక ఆచారం కట్టుకున్నారు.

గొయ్యి అంచున మోకాళ్ల మీద కూర్చుని అరిచాను. "మావయ్యా, పైకి రా!"

"రెండో కూతలే పాపా..." అని కిందినుంచి గొంతు వచ్చింది. ఆ మాట సాగింది. కల్లు తాగినవాడి మాటలా ముద్దగా వచ్చింది. పైడిరాజు మావయ్య ఎన్నడూ తాగడు.

"నీకు దండం పెడతాను మావయ్యా, ఎక్కు!"

నా ఏడుపు గొంతు వినో ఏమో నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగు మెట్లు ఎక్కాడు. ఐదో మెట్టు దగ్గర చెయ్యి పైకెత్తి, ఆ చెయ్యి ఎందుకెత్తాడో మరిచిపోయినట్టు ఆగిపోయాడు. దుకాలూ ఇక ఒక్క ప్రశ్న అడగలేదు. కాళ్లు గట్టుకి తన్నిపెట్టి తాడు లాగాడు. రెండో మనిషీ నేనూ వెనక పట్టుకున్నాం. మిశ్రాజీ ఎప్పుడొచ్చాడో వచ్చాడు. నలుగురం కలిసి ఆయన్ని చంకల కింద పట్టి బయటికి లాగేసరికి ఆయన మొహం కందిపోయి ఉంది, పెదాలు కదులుతున్నాయి గానీ మాట లేదు. ఎండలోనే పడుకోబెట్టాం. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. ఆ వాంతి చూసి నేను సంతోషంతో ఏడ్చాను.

గ్యాసు కట్టేయించి, ఆయన్ని జీపులో ఆక్సిజన్ పెట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను కేబిన్‌లోకి వచ్చి, సెట్టింగుల్లో ఏడు కొట్టేసి ఎనిమిది వేశాను. పారిటీ దగ్గర "లేదు" అని పెట్టాను. మూడుసార్లు తప్పు కొట్టి, చెరిపి మళ్లీ కొట్టాను. ప్రోగ్రాము మళ్లీ మొదలవగానే తెర మీద 131 పడింది. గ్యాసు కట్టేశాక కూడా అంతుంది. సైరన్ దానంతటదే మోగింది. మిశ్రాజీ నా వెనకే నిలబడి ఆ అంకెను రిజిస్టరులో రాసుకున్నాడు.

సాయంత్రం మాస్టారికి కాగితాలు చూపించాను. ఆయన పెన్సిలు తీసుకుని ఏడు గళ్లు గీశారు, పక్కన ఎనిమిదో గడి గీశారు.

"తీగ మీద పోయినవి లెక్కెట్టినాను. లోపలికొచ్చినవి లెక్కెట్టలేదు" అన్నారు. ఆయన మీద అరవాలని దారంతా మాటలు కూర్చుకుని వెళ్లాను. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆయన మరీ తెలివితక్కువ పనేమీ చెయ్యలేదని తర్వాత తెలిసింది. దుర్గ్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో కూర్చుని, కంప్యూటరు పదాలకి అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చిన నిర్వచనం వెతికాను. బైట్ అంటే కొన్ని బిట్లను ఒక్కటిగా లెక్కించే సముదాయమట. అందులో సాధారణంగా ఎనిమిది బిట్లట. ఆ "సాధారణంగా" అన్న మాట చదివి పుస్తకం విసిరేద్దామనిపించింది. మనిషి ప్రాణం మీదికొచ్చాక సాధారణంగా ఏమిటి? కానీ దానికీ కారణముంది. ఆరు బిట్ల బైట్ ఉన్న యంత్రాలు ఉండేవి, తొమ్మిది ఉన్నవీ ఉండేవి. సి భాష ప్రమాణం కనీసం ఎనిమిది ఉండాలంటుంది, కచ్చితంగా ఎనిమిదే అనదు. మా మాస్టారు ఐదు బిట్ల టెలిప్రింటర్లతో మొదలుపెట్టి ఏడు బిట్ల అక్షరాలతో రిటైరయ్యారు. ఆయన లోకంలో ఒక అక్షరమే ఒక బైట్. టెలికాం ప్రమాణాలు రాసినవాళ్లు ఈ చిక్కు ముందే చూసి బైట్ అనే మాటే మానేసి ఆక్టెట్ అని రాశారు. అంటే ఎనిమిదే, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా మీటరు పుస్తకం రాసినాయన ఆ మాట వాడి ఉంటే బాగుండేది. ఆయన వాడకపోయినా నేను అడిగి ఉండాల్సింది.

అంతకంటే పెద్దది నా తప్పు. కంప్యూటరు మొదటి రోజే, రెండు రీడింగులకు ఒకసారి, ఇది తేడాగా ఉందని చెప్పింది. తప్పు సెట్టింగు మాస్టారిది. ఆ కూత ఆపింది మాత్రం నేను, ఒక ఇన్‌చార్జి చెవులు మూసుకున్నాడని.

పైడిరాజు మావయ్య నాలుగు రోజులకి ఇంటికొచ్చాడు. పళ్లు పట్టుకుని వెళ్లాను. అత్త నన్ను దేవతలా చూసి, నీ కడుపు చల్లగుండ అని నెత్తిమీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి నేను భరించలేకపోయాను. మంచం పక్క కూర్చుని మొత్తం చెప్పాను. ఏడూ ఎనిమిదీ ఎలా ఉన్నా, గోల ఆపింది నేనేనని చెప్పాను. నాలుగు నెలల కాగితాలు వెతికితే అలాంటి దొంగ నిశ్శబ్దాలు పదకొండు దొరికాయని కూడా చెప్పాను.

ఆయన గోడవైపు తిరిగాడు.

"పదకొండు మార్లూ నానే దిగినాను" అన్నాడు. తర్వాత, "అది అరుస్తంటే నోరు నొక్కీసినావన్న మాట" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడితే నాకు తేలికయ్యేది.

రెండు వారాల తర్వాత కొత్త సెట్టింగుతో పరీక్షలన్నీ చేశాం. ఈసారి వంద సీసాతో సరిపెట్టలేదు. నూట ముప్పై, నూట యాభై, రెండు వందలు, అన్నీ పెట్టి చూశాం. చేతిలో పట్టుకునే మీటరు వేరే తెప్పించి దాంతోనూ సరిచూశాం. మిశ్రాజీ కాగితం జాపితే అంతా సరిగా ఉందని సంతకం పెట్టాను. తారు తీసే పని మళ్లీ మొదలవాలి. పైడిరాజు మావయ్య నడుముకి తాడు కట్టుకుని, దిగకుండా గట్టు మీదే నిలబడ్డాడు.

"బాగైందంటన్నావు కదా పాపా?"

"అయింది మావయ్యా."

"అయితే నాతో దిగు."

మిశ్రాజీ వద్దనబోయాడు. దుకాలూ అప్పటికే రెండో తాడు తీశాడు. నేను చున్నీ నడుముకి బిగించి, దాని మీద తాడు కట్టించుకున్నాను. చేతిమీటరు మెళ్లో వేసుకున్నాను. సంతకం పెట్టినప్పుడు లేని భయం మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే వచ్చింది. నా లెక్కలు నాకు కంఠతా వచ్చు, అన్నీ మూడేసి సార్లు చూశాను. అయినా ఒక్కో మెట్టు దిగుతుంటే, ఇంకేదైనా మర్చిపోయానా, ఇంకేదైనా కూతని నాయిస్ అనుకున్నానా అని వెతుక్కుంటూనే ఉన్నాను. కింద చీకటిగా, వెచ్చగా, తారు కంపుగా ఉంది. పైన సైరన్ మోగలేదు. ఆ నిశ్శబ్దం వింటూ నిలబడటం ఎలా ఉంటుందో ఆ పావుగంటలో తెలిసింది. మావయ్య వాల్వు తిప్పి, తారు వదిలి, మళ్లీ బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఇంక పద" అన్నాడు. నన్ను ముందు ఎక్కమని, తను వెనకొచ్చాడు.

ఆ తర్వాత నేను ఏ రెండు యంత్రాలు కలిపినా, బైట్ అన్న మాట ఎక్కడ కనపడినా, ఎన్ని బిట్లో రెండు యంత్రాల వాళ్ల చేతా అంకెలో రాయించుకున్నాను. ఏ ఎర్రరునీ ఎవరి విసుగు కోసమూ తీసెయ్యలేదు. దీనివల్ల చాలామంది కస్టమర్లు నన్ను మొండిదన్నారు. అన్నీ అయి సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చినప్పుడు మాత్రం, ఇది తప్పైతే కింద ఎవరుంటారని అడుగుతాను. వాళ్ల పేరు తెలిసేదాకా పెన్ను మూత తియ్యను.